పాత మోటారు కారు – లోపలి మరమ్మతు

తెనాలి నుంచి విజయవాడ వెళ్లే రైలు దారిలో దుగ్గిరాల పేరు వినగానే ఎవరికైనా పసుపు జ్ఞాపకం వస్తుంది. పసుపు యార్డుతో పాటు ఆ ఊరికి కాలువల ప్రసిద్ధి కూడా ఉన్నది. కృష్ణా పశ్చిమ కాలువ ఇక్కడి లాకుల దగ్గర చీలి, పాయలు పాయలుగా డెల్టాలోకి సాగుతుంది. చుట్టూ మాగాణి, పసుపు చేలు, అరటి తోటలు. ఏడాదిలో చాలా భాగం గాలి తేమగానే ఉంటుంది. పైరుకు మేలు చేసే ఈ తేమ ఒక వస్తువుకు మాత్రం చెరుపు చేస్తుంది. ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఏండ్ల తరబడి కదలకుండా నిలిచిపోయిన పాత మోటారు కారే ఆ వస్తువు.

డెల్టా గ్రామాలలో ఇటువంటి కార్లు ఇంకా అక్కడక్కడ కనిపిస్తాయి. వాటిలో అంబాసిడర్లే ఎక్కువ. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును నమూనాగా తీసుకొని, కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు 1950ల చివర ఈ కారు తయారీని ఆరంభించారు. 2014 మే నెలలో తయారీ ఆగిపోయినది. బొంబాయిలో ప్రీమియర్ వారు చేసిన ఫియట్ 1100, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ దీని సమకాలికులు. తాతగారి కారును మళ్లీ రోడ్డు మీదికి తేవాలని వారసులకు బుద్ధి పుట్టినప్పుడు ఇంజనుకు మంచి మెకానిక్కును వెదకుతారు, బాడీకి టింకరింగ్ పనివానిని వెదకుతారు. లోపలి భాగాన్ని మాత్రం ఆలోచన లేకుండా సీట్లు కుట్టే షాపుకు అప్పగిస్తారు. అక్కడ ఒక్క పూటలో పాతదంతా ఊడదీసి మూలన పడవేస్తారు. ఇంజనులో పోయిన భాగానికి బదులు మరొకటి దొరుకుతుంది. కాని ఊడదీసిన పాత సీటు కొలతలు, కుట్టు వరుసలు, తలుపు పట్టీల రంగు ఒకసారి చెత్తకుప్పకు చేరితే, ఆ కారు లోపల ఒకప్పుడు ఎట్లా ఉండేదో చెప్పే సాక్ష్యం మరెక్కడా మిగలదు.

లోపలి భాగానికి ఎంత విలువ ఉన్నదో హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అక్కడ 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ కారు ఉన్నది. దానిని తెప్పించుకోదలచినవాడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్. కారు వచ్చేలోగా 1911లో ఆయన కాలం చేశాడు. వెనుక సీటును సింహాసనంలాగా ఎత్తుగా అమర్చడమే దాని ప్రత్యేకత. ఆ సీటు తీసివేస్తే అది అటువంటి అనేక రోల్స్ రాయిస్‌లలో ఒకటి మాత్రమే అవుతుంది. అంబాసిడర్‌కు సింహాసనం లేకపోవచ్చును. కాని ముగ్గురు పక్కపక్కన కూర్చునే ముందు బెంచీ సీటు, స్టీరింగు పక్కనే ఉండే గేరు పుల్ల, చిన్న గుండ్రని మీటర్లు ఆ కాలపు ప్రయాణానికి గుర్తులే.

మోటారు చరిత్రకారులు వింటేజి అనే మాటను 1919–1930 నడుమ తయారైన కార్లకే వాడతారు. మన దేశంలో చట్టం మరో హద్దు పెట్టినది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలను సవరించినప్పుడు, మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏండ్లు దాటిన సొంత వాహనాలను వింటేజి వాహనాలుగా నిర్వచించినది. ఛాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, దాని గడువు 10 ఏండ్లు. ఇట్లా నమోదైన కారును ప్రదర్శనలకూ ర్యాలీలకూ నడపవచ్చును గాని నిత్య ప్రయాణానికీ వ్యాపారానికీ వాడరాదు. ఈ నిర్వచనం చెప్పే మూడింటిలో సీటు గుడ్డ లేదు, తలుపు పట్టీ లేదు. అంటే లోపలి అలంకరణ విషయంలో యజమానికి చాలావరకు స్వేచ్ఛ ఉన్నది. ఆ స్వేచ్ఛ వల్లనే అక్కడ జరిగే తప్పులను ఆపేవారు లేరు. కొత్త సీటు బిగించడానికి ఫ్లోరు రేకును కోస్తే మాత్రం అది బాడీలో మార్పే అవుతుంది.

ఏది నిలుపుకోవాలో, ఏది మార్చాలో తేల్చుకోవాలంటే కారు లోపల ఏమేమి పాడవుతాయో, ఎందుకు పాడవుతాయో ముందు తెలియవలె. నీరు, వేడి, వెలుతురు – ఈ మూడూ అక్కడ కలిసి పనిచేస్తాయి. తలుపులన్నీ మూసి ఎండలో నిలిపిన కారు లోపలి గాలి 60 డిగ్రీలు దాటడం వేసవిలో మామూలే. రసాయనిక చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకు రమారమి రెట్టింపు అవుతుందని స్థూలంగా చెప్పే సూత్రం ఒకటి ఉన్నది. ఆ లెక్కన 30 డిగ్రీల దగ్గర జరిగే క్షయం 60 డిగ్రీల దగ్గర ఎనిమిది రెట్లు వేగంగా జరుగుతుంది. నీడలో ఎనిమిదేండ్లు మన్నవలసిన వస్తువు ఎండలో ఒక్క ఏడాదిలో ముసలిదవుతుందన్నమాట.

తేమ చేసే పని ఇంకా సూక్ష్మమైనది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములకు మించి మోయలేదు. కారు లోపల మూడు ఘనమీటర్ల గాలి ఉన్నదనుకుంటే, సాయంత్రం పూర్తిగా తడిసి ఉన్న ఆ గాలి తెల్లవారుజామున చల్లబడేసరికి దాదాపు 40 గ్రాముల నీరు ఎక్కడో ఒకచోట దిగవలె. అది ముందుగా చల్లబడే టాపు రేకు అడుగున మంచులాగా పేరుకొని సీలింగు గుడ్డలోకి ఇంకుతుంది. పగలు ఎండకు సీట్లలోని పీచు, కార్పెట్టు కింది పట్ట మళ్లీ ఆవిరిని విడుస్తాయి. రాత్రి మళ్లీ అదే కథ. వాన ఒక్క చుక్క కూడా పడని షెడ్డులో ఉన్న కారు సీలింగుకు మరకలు ఎందుకు పడ్డాయని ఆశ్చర్యపోయేవారికి ఇదే సమాధానం. గాలిలో తేమ 70 శాతానికి మించి నిలిచి ఉంటే బూజు కూడా పెరుగుతుంది. బూజుకు తోలు, నూలు, జనపనార, బంక అన్నీ ఆహారమే.

ఇంగ్లండు నుంచి దిగుమతి అయిన పూర్వపు కార్లలో సీట్లకు తోలు ఉండేది. చర్మంలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు కుళ్లకుండా ఒకదానితో ఒకటి కట్టుబడి ఉండేటట్లు చేయడమే తోలు పదును పెట్టడం. తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటిలోని టానిన్లు ఈ పని చేస్తాయి. దక్షిణ దేశంలో తంగేడు చెక్కతో సగం పదును పెట్టిన తోళ్లు మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు విరివిగా ఎగుమతి అయ్యేవి. ఆ తరువాత క్రోమియం లవణాలతో పదును పెట్టే పద్ధతి వ్యాపించినది. తోలు శాస్త్రంలో ప్రపంచ ఖ్యాతి గడించిన యలవర్తి నాయుడమ్మ తెనాలి ప్రాంతపు యలవర్రు గ్రామంలో 1922లో జన్మించినవాడే. 1948లో మద్రాసులో ఏర్పడిన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు ఆయన తరువాత సంచాలకుడైనాడు.

కారు తోలును బాగుచేయబోయేవారు ముందు అది ఏ పద్ధతిలో పదునైనదో తెలుసుకోవలె. తడిసిన తోలును వేడిచేస్తూ పోతే ఒక ఉష్ణోగ్రత దగ్గర అది హఠాత్తుగా ముడుచుకుపోతుంది. టానిన్ తోలుకు ఈ హద్దు 75–85 డిగ్రీల మధ్య, క్రోమియం తోలుకు 100 డిగ్రీల దరిదాపుల ఉంటుంది. పాతబడి శిథిలమైన తోలులో ఈ హద్దు ఇంకా కిందికి దిగిపోతుంది. అందుచేత ముడతలు తీయడానికి ఆవిరి పట్టడం, ఇస్త్రీ పెట్టడం పాత తోలుకు ప్రాణాంతకం. టానిన్ తోలుకు మరో జబ్బు ఉన్నది. పొగలోని గంధకపు వాయువు తేమతో కలిసి ఆమ్లంగా మారి కొల్లాజెన్ పోగులను తెంపివేస్తుంది. అప్పుడు తోలు ఎర్రని పొడిగా చేతికి అంటుకుంటుంది. ఈ దశకు వచ్చినదానికి ఎంత నూనె పట్టించినా ప్రయోజనం లేదు. దానిని విప్పి కొలతల కోసం దాచుకొని కొత్త తోలు కుట్టించడమే మార్గం. పైన పగుళ్లు మాత్రమే ఉండి, వంచినప్పుడు పోగులు బలంగా నిలిచిన తోలును మాత్రం రంగూ పదునూ పెట్టి నిలుపుకోవచ్చును. నూనె ఎక్కువ పోస్తే మెత్తబడుతుందనుకోవడం పొరపాటు. మిగులు నూనె దుమ్మును పట్టుకుంటుంది, కుట్టు దారాన్ని కుళ్లబెడుతుంది.

అంబాసిడర్, ఫియట్ కార్లలో తోలుకు బదులు రెగ్జిన్ కనిపిస్తుంది. రెక్సిన్ అనేది నిజానికి ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర తయారైన ఒక సరుకు పేరు. నూలు గుడ్డకు నత్రిత సెల్యులోజు పూత పూసి, అది పెళుసు కాకుండా ఆముదం వంటి నూనె కలిపేవారు. తరువాత ఆ స్థానాన్ని పి.వి.సి. ఆక్రమించినది గాని పేరు మాత్రం తెలుగువారి నోట అట్లాగే నిలిచిపోయినది. పి.వి.సి. స్వభావసిద్ధంగా కొయ్యలాంటి గట్టి పదార్థం. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ దానిని తగిన ద్రావకంతో మెత్తబరచే ఉపాయం కనిపెట్టాడు. మెత్తబరచే ద్రవ్యం పి.వి.సి. బృహదణువుల నడుమ చొరబడి వాటిని ఒకదాని మీద ఒకటి జారనిస్తుంది. అది రసాయనికంగా బంధింపబడి ఉండదు కనుక మెల్లమెల్లగా బయటికి వచ్చేస్తుంది. ఎండలో నిలిచిన కారు అద్దం లోపలివైపు జిడ్డు పొరలాగా కనిపించేది ఇదే. సీటులో నుంచి ఆ ద్రవ్యం పోయినకొద్దీ రెగ్జిన్ కుంచించుకొని గట్టిపడి, కుట్టు వెంట చిరుగుతుంది. వెలుతురు తగిలిన భాగం పచ్చబడుతుంది. పోయిన ద్రవ్యాన్ని పైనుంచి పూతలతో మళ్లీ లోపలికి పంపడం సాధ్యం కాదు; బజారులో అమ్మే మెరుపు నీళ్లు మెరుపునే ఇస్తాయి. కాబట్టి తోలు విషయంలో చూపవలసినంత పట్టుదల రెగ్జిన్ విషయంలో అక్కరలేదు. అదే రంగు, అదే గింజ, అదే కుట్టు వరుసతో కొత్తది వేయించడమే న్యాయం. ఎరుపు నలుపు గళ్లతో దిండుకుట్టు వేయించడం నేటి ఫ్యాషను. అభిరుచికి ఎవరూ అడ్డు చెప్పలేరు గాని, ఆ కుట్టుకు వేలకొద్దీ సూది బెజ్జాలు పడతాయనీ, డెల్టా తేమ వాటిలో నుంచి నురుగులోకి దిగుతుందనీ గుర్తుంచుకొంటే మంచిది.

పాతకాలపు అధికారుల కార్లలో సీట్ల మీద తెల్లని తువ్వాళ్లు పరిచేవారు. అది హోదాకు గుర్తని అందరూ అనుకున్నారు. దానిలో శాస్త్రం కూడా ఉన్నది. రెగ్జిన్ చెమటను పీల్చదు, గాలిని పోనివ్వదు. నూలు తువ్వాలు పోగుల సందులలో చెమటను లాక్కొని ఆవిరి చేస్తుంది. తెలుపు కనుక వెలుతురును తిప్పికొట్టి రెగ్జిన్‌ను కాపాడుతుంది. దుగ్గిరాల ప్రాంతపు తువ్వాలుకు పసుపు అంటితే దానికీ మందు ఎండే. సబ్బు పెడితే క్షారం తగిలి మరక ఎర్రబడుతుంది. తడిపి ఎండలో ఆరవేస్తే పసుపులోని రంజక ద్రవ్యం విరిగి మరక వెలిసిపోతుంది. సీలింగు గుడ్డ రంగునూ కార్పెట్టు రంగునూ మింగేది కూడా అదే ఎండ.

సీటు పై గుడ్డ కంటి కోసం, లోపలి భాగం నడుము కోసం. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. పాత సీటును విప్పితే అడుగున ఉక్కు తీగ స్ప్రింగులు, వాటి మీద గోనెపట్ట, దాని మీద కొబ్బరి పీచు లేదా రబ్బరు నురుగు, ఆపైన పలుచని దూది పొర కనిపిస్తాయి. స్ప్రింగులు తుప్పు పట్టాయి, తీసివేసి ప్లైవుడ్డు చెక్క మీద నాలుగంగుళాల నురుగు వేద్దామని షాపువాడు అంటాడు. చేతితో నొక్కి చూస్తే కొత్తది మెత్తగానే ఉంటుంది. వంద కిలోమీటర్లు ప్రయాణం చేస్తే గాని తేడా తెలియదు.

కారణం ఏమిటంటే, మనిషి బరువుకు సీటు ఎంత కుంగుతుందో దానిని బట్టి అది ఊగే పౌనఃపున్యం నిర్ణయమవుతుంది. గురుత్వ త్వరణాన్ని కుంగిన దూరంతో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఊపులో తెలుస్తుంది. స్ప్రింగు సీటు 5 సెంటీమీటర్లు కుంగినదనుకుంటే 9.8ని 0.05తో భాగించగా 196, దాని వర్గమూలం 14, అంటే సెకనుకు సుమారు 2.2 ఊపులు. చెక్క మీది గట్టి నురుగు ఒక్క సెంటీమీటరే కుంగితే ఇదే లెక్క సెకనుకు 5 ఊపులకు చేరుతుంది. కూర్చున్న మనిషి శరీరం నిలువు కదలికలో సెకనుకు 4 నుంచి 8 వరకు ఉండే ఊపులను అన్నిటికంటె ఎక్కువగా బాధపడుతూ గ్రహిస్తుంది. వెన్నెముక, పొట్టలోని అవయవాలు ఆ వేగంతో ఊగడానికి అనువుగా ఉన్నాయి. ఏ సీటు అయినా తన సహజ పౌనఃపున్యానికి 1.41 రెట్లు దాటిన ఊపులనే తగ్గించగలదు. అంతకు లోపలివాటిని పెంచుతుంది. 2.2 దగ్గర ఊగే సీటు 3.1 పైబడిన ఊపులన్నిటినీ తగ్గిస్తుంది కనుక బాధాకరమైన ప్రాంతమంతా దాని రక్షణలో ఉన్నది. 5 దగ్గర ఊగే సీటు 7 వరకు వచ్చే ఊపులను పెంచి నడుముకు అందిస్తుంది. వెనుక పట్టీ స్ప్రింగుల మీద నడిచే అంబాసిడర్ గతుకుల రోడ్డు మీద పంపే కుదుపులకు పాత సీటు ఎంత ఆలోచనతో అమర్చబడినదో దీన్ని బట్టి ఊహించుకోవచ్చును.

నురుగు ఆ కుదుపును అణచడంలో కూడా సాయపడుతుంది. స్ప్రింగు ఒక్కటే ఉంటే మనిషి చాలాసేపు ఊగుతూనే ఉంటాడు. అందువల్ల స్ప్రింగులను పారవేయక తుప్పు గీకి, విరిగిన చుట్టలను మార్పించి, రంగు వేయించి, వాటి మీద కొత్త పొరలు పరచడమే ఉత్తమం. కొబ్బరి పీచును మెలిపెట్టి రబ్బరు పాలు చల్లి ఉడికించిన పట్టలు ఇప్పటికీ దొరుకుతాయి; గాలి ఆడుతుంది కనుక మన వాతావరణానికి అవి బాగా ఒదుగుతాయి. రబ్బరు పాలను నురుగుగా గిలకొట్టి గట్టిపరచే పద్ధతిని డన్‌లప్ వారు 1929లో కనిపెట్టారు. ప్రకృతి రబ్బరు ఆమ్లజనికి లోబడుతుంది. పాత సీటు విప్పితే మొదట జిగురుగానూ తరువాత పిండిలాగానూ రాలేది అదే. పాలీయురితేన్ జర్మనీలో 1937లో ఒట్టో బేయర్ పరిశోధనలలో పుట్టినది. దీని నురుగులో రెండు జాతులు ఉన్నాయి. పాలీఎస్టరు జాతిని తేమ విరిచివేస్తుంది. దీనిని జలవిశ్లేషణ అంటారు. పాలీఈథరు జాతి తేమకు తట్టుకుంటుంది గాని వెలుతురుకు ఓర్వదు. సీటు లోపల వెలుతురు చొరదు కనుక దుగ్గిరాల వంటి తేమ ప్రాంతానికి రెండవదే తగినది. కొనేటప్పుడు గట్టిదనాన్ని చూచి మోసపోరాదు. ఘనమీటరుకు 32 నుంచి 40 కిలోలు తూగే నురుగు ఏండ్ల తరబడి ఆకారం నిలుపుకొంటుంది. 18 కిలోల నురుగు గట్టిగా తగిలినా ఒక్క వేసవిలో అణగిపోతుంది. సాంద్రత వేరు, గట్టిదనం వేరు.

తలుపుల సంగతి చూద్దాం. అద్దం పక్కనుండే సందులో నుంచి వాన నీరు తలుపు లోపలికి దిగడం దోషం కాదు; ప్రతి కారులోనూ దిగుతుంది. అడుగున ఉన్న బెజ్జాల గుండా అది బయటికి పోవలె. దుమ్ముతో, పసుపు పొడితో, పాత రంగుతో ఆ బెజ్జాలు పూడుకుపోతే నీరు నిలిచి తలుపు అడుగు రేకు తుప్పు పడుతుంది, అట్టతో చేసిన తలుపు పట్టీ ఉబ్బి వంకరపోతుంది. కొత్త పట్టీ వేయించేవారు ముందు బెజ్జాలు తెరిపించి, పట్టీకీ రేకుకూ నడుమ పాలిథిన్ తెర అంటించి, తెర అడుగు అంచును తలుపు లోపలికి వంచవలె. ఈ అరగంట పని చేయకుండా వేసిన ఎంత ఖరీదైన పట్టీ అయినా రెండు వానకాలాలు దాటదు. ఫ్లోరు మీద కార్పెట్టు కింద పరచే జనపనార పట్ట నీటిని స్పంజిలాగా పట్టుకొని రేకును తినిపిస్తుంది. మూలరూపం పాడుకాకుండా ఇక్కడ మార్పు చేయవచ్చును. పైన పాత రకపు కార్పెట్టే ఉంచి, కింద గదులు మూసుకుపోయిన నురుగు పట్ట వేస్తే నీరు పీల్చదు, చప్పుడూ తగ్గుతుంది. ఇంజను గదికీ కాళ్లకూ నడుమ అడ్డుగోడ మీద పాతకాలపు బూడిద రంగు పీచు పట్ట ఉంటే దానిని పొడిగా చింపరాదు. అది ఆస్బెస్టాస్ కావచ్చును. ఆ పీచు ధూళి ఊపిరితిత్తులకు చేరితే ఏండ్ల తరువాత కూడా జబ్బు చేస్తుంది.

స్టీరింగు చక్రం పగుళ్లకు కారణం సులభమే. ఉక్కు చట్రం చుట్టూ ప్లాస్టిక్కు పోత పోస్తారు. 42 సెంటీమీటర్ల చక్రం చుట్టుకొలత దాదాపు 132 సెంటీమీటర్లు. 30 డిగ్రీల వేడిమి మార్పుకు ఉక్కు అరమిల్లీమీటరు మారితే ప్లాస్టిక్కు సుమారు 3 మిల్లీమీటర్లు మారుతుంది. ఉక్కు వదలదు, ప్లాస్టిక్కు ఊరుకోదు. చివరకు ప్లాస్టిక్కు చీలుతుంది. చీలికను కొద్దిగా వెడల్పు చేసి ఎపాక్సీ నింపి, సానబట్టి రంగు వేస్తే పాత చక్రమే నిలుస్తుంది. కొయ్య పలకలు ఉన్న కార్లలో పాత పనివారు వాడిన చర్మపు బంక గోరువెచ్చని నీటికి విడిపోతుంది, లక్క మెరుగు స్పిరిటుకు కరుగుతుంది. అంటే మరమ్మతు చేయదలచినవాడికి తిరుగుదారి ఉన్నది. నేటి పాలీయురితేన్ వార్నీషు గట్టిది, కాని వేసినవాడే దానిని తీయలేడు. ఈ ఒక్క కారణంగా పాత పద్ధతే మేలు.

ఇక సౌకర్యాల కోసం చేసే మార్పులు. చల్లని గాలి యంత్రం కావాలనడంలో తప్పు లేదు. మే నెలలో డెల్టాలో నల్ల కారులో కూర్చున్నవారిని ఎవరూ నిందించలేరు. కాని లెక్క చూచుకోవలె. పాత కారు డైనమో ఇచ్చేది సుమారు 20 ఆంపియర్లు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అదీ రాదు. పెద్ద దీపాలకే 7, 8 ఆంపియర్లు పోతాయి. గాలి ఊదే పంకా, బయటి పంకా, కంప్రెసరు క్లచ్చు కలిసి 20కి మించి కోరుతాయి. ఆల్టర్నేటరు పెట్టకుండా ఈ యంత్రం పెట్టినవారి బ్యాటరీ రాత్రి ప్రయాణంలో ఖాళీ అవుతుంది. 1489 ఘన సెంటీమీటర్ల పాత ఇంజను మీద కంప్రెసరు మరికొన్ని అశ్వశక్తుల భారం వేస్తుంది కనుక రేడియేటరు బలం కూడా చూడవలె. మరో చిక్కు ఉన్నది. బ్రిటిష్ నమూనాల పాత కార్లలో చాలావాటికి బ్యాటరీ ధన ధ్రువాన్ని బాడీకి కలిపేవారు. నేటి రేడియోలు, ఫోను ఛార్జర్లు ఋణ ధ్రువం బాడీకి కలిసి ఉంటుందని అనుకొని తయారైనవి. చూడకుండా తగిలిస్తే క్షణంలో కాలిపోతాయి. నూలు అల్లిన రబ్బరు తొడుగు తీగలు వంచితే పొడిలాగా రాలుతుంటే వాటిని అట్లాగే ఉంచడం సంరక్షణ అనిపించుకోదు. లోపల కొత్త తీగలు, ప్రతి శాఖకు ఫ్యూజు ఉండి తీరవలె. పైన నూలు అల్లిక తొడిగించుకొంటే కంటికి పాతదిగానే ఉంటుంది.

ఫ్యూజు మీద ఇంత పట్టు ఎందుకంటే కారు లోపల ఉన్నదంతా మండేదే. నత్రిత సెల్యులోజు పూత ఉన్న పాత గుడ్డ చాలా వేగంగా కాలుతుంది. నురుగు మండితే కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సైనైడు కూడా వస్తుంది. రెండూ మనిషిని లేవనివ్వని విషాలే. పి.వి.సి. కొంత నిదానంగా అంటుకున్నా దాని పొగలో హైడ్రోక్లోరికామ్లం ఉంటుంది. అమెరికాలో 1972లో అమలుకు వచ్చిన నియమం ప్రకారం కారు లోపలి సరుకు అడ్డంగా పట్టుకొని అంటిస్తే నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించిన వేగంతో కాలరాదు. అంబాసిడర్ నమూనా అంతకు ముందుది. కొత్త గుడ్డ కొనేటప్పుడు చిన్న ముక్కను ఆరుబయట పట్టకారుతో పట్టి అంటించి చూస్తే చాలావరకు దాని గుణం బయటపడుతుంది. సీట్లు లోపలే ఉంచి ఫ్లోరుకు వెల్డింగు పెట్టడం, పెట్రోలులో ముంచిన గుడ్డతో సీలింగు తుడవడం, ఈ రెండు పనులూ చేయకూడనివి. వెల్డింగు ముగిసిన తరువాతనే లోపలి పని ఆరంభం కావలె.

విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫోటో తీసి, ఊడదీసిన ప్రతి ముక్కకు చీటీ కట్టవలె. సీటు పాత గుడ్డను కుట్లు తెంపి విడదీస్తే అదే కొత్త గుడ్డకు కొలత కాగితం అవుతుంది. కుట్టు మడతలో వెలుతురు తగలని చోట అసలు రంగు దాగి ఉంటుంది. దానిని చూచి రంగు ఎంచుకోవలె గాని పైన వెలిసిపోయిన రంగును చూచి కాదు. విజయవాడ ఆటోనగర్‌కు తీసుకుపోయినా, ఊరిలోనే కుట్టించినా ఆ ముక్క చేతిలో ఉండవలె. డైనమో, పాత చక్రం, తీసివేసిన మీటర్లు పెట్టెలో భద్రపరిస్తే, చేసిన మార్పును ఎప్పుడు కావాలన్నా వెనుకకు తీసుకోవచ్చును.

పని ముగిసిన కారును పాలిథిన్ కవరుతో కప్పడం చాలామంది చేసేదే. తేమను లోపల బంధించడానికి అంతకంటె సులువైన మార్గం లేదు. నూలు గుడ్డ కప్పి, షెడ్డులో ఉన్నప్పుడు అద్దాలు రెండు వేళ్ల సందు దింపి ఉంచవలె. పక్షానికి ఒకసారి ఎండ వేళ తలుపులన్నీ తెరిచి, ఒక గంట నడిపితే నురుగులోని ఆవిరి బయటికి పోతుంది. వానకాలంలో ప్రతి పెద్ద వాన తరువాత ముందు కార్పెట్టు మూల ఎత్తి కింద చేయి పెట్టి చూడవలె. తడి తగిలితే ముందు అద్దం బీడింగు దగ్గర వెదకడం మొదలుపెట్టి, తరువాత అడ్డుగోడ బెజ్జాలకున్న రబ్బరు తొడుగులను ఒక్కొక్కటిగా చూడవలె.